కెమెరా వెంట సముద్రంలోకి: జాక్ ఈవ్ కూస్తో

జాక్ ఈవ్ కూస్తోను కొందరు సముద్ర శాస్త్రవేత్త అంటారు, కొందరు ఆవిష్కర్త అంటారు, పర్యావరణం కోసం పోరాడిన తొలితరం నాయకుల్లో ఒకరిగా ఇంకొందరు గుర్తుపెట్టుకున్నారు. ఎర్ర ఉన్ని టోపీ పెట్టుకున్న ఆ బక్కపలచని ఫ్రెంచి మనిషి జీవితం గురించి చదివినకొద్దీ, ఆయన తీసిన సినిమాలు చూసినకొద్దీ, ఈ బిరుదులన్నింటికంటే ముందు చెప్పవలసింది ఆయన సినిమా తీసేవాడన్న సంగతి అని నాకు అనిపిస్తూ వచ్చింది. ఆయన చదివింది నౌకాదళ విద్య. శాస్త్రంలో ప్రత్యేకమైన శిక్షణ ఏదీ ఆయనకు లేదు. నీటి అడుగున ఊపిరి తీసుకునే పరికరం, ఇద్దరు కూర్చుని లోతుకు దిగే చిన్న జలాంతర్గామి, సముద్రం అడుగున కట్టిన ఇళ్లు, ఇవన్నీ ఆయన పేరు మీద చరిత్రకెక్కాయి కానీ, ఒక్కొక్కటి ఎందుకు పుట్టిందో వెతుక్కుంటూ వెనక్కు వెళితే చాలాసార్లు కనిపించేది ఒక కెమెరా, ఆ కెమెరా ఇంకా కాస్త లోతున, ఇంకా కాస్త ఎక్కువ సేపు ఉండాలన్న పట్టుదల.

ఆయన 1910 జూన్ 11న బోర్డో నగరానికి దగ్గర్లోని సేంతాంద్రె ద కుబ్జాక్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి అమెరికన్ ధనవంతుల దగ్గర ఆంతరంగిక కార్యదర్శిగా పనిచేయడం వల్ల కుటుంబం ఒకచోట నిలకడగా లేదు, కొంతకాలం న్యూయార్క్‌లో కూడా ఉన్నారు. పదమూడేళ్ల వయసులో దాచుకున్న డబ్బుతో ఒక చిన్న సినిమా కెమెరా కొనుక్కుని, ముందుగా దాన్ని విప్పి, మళ్లీ బిగించి, ఆ తర్వాత ఇంట్లోవాళ్లతో కథలు అల్లి సినిమాలు తీయడం మొదలుపెట్టారు. 1930లో బ్రెస్ట్‌లోని నౌకాదళ విద్యాలయంలో చేరారు. ఆయన కోరిక నౌకాదళ వైమానికుడు కావాలని. అయితే శిక్షణ కాలంలోనే ఘోరమైన కారు ప్రమాదం జరిగి చేతులు విరగడంతో విమానం నడిపే అవకాశం పోయింది. చేతులకు మళ్లీ సత్తువ రావాలని తూలోన్ దగ్గర సముద్రంలో ఈదుతూ ఉండగా, 1936లో ఫిలిప్ తాయే అనే తోటి అధికారి ఆయనకు నీటిలో వాడే కళ్లద్దాలు ఇచ్చారు. ఆ అద్దాల వెనుక నుంచి తొలిసారి సముద్రపు అడుగు స్పష్టంగా కనిపించింది. కంటికి అంత స్పష్టంగా కనిపించినదాన్ని ఫిల్ము మీదికి ఎక్కించకుండా ఊరుకునే స్వభావం ఆయనది కాదు.

తాయే, కూస్తో, ఫ్రెదెరిక్ ద్యుమా అనే మరో యువకుడు కలిసి ఒక జట్టు అయ్యారు. ద్యుమా ఊపిరి బిగబట్టి నీటిలో మునిగి, బల్లెంతో చేపలు వేటాడటంలో ఆరితేరినవాడు. కూస్తో ఒక పాత కినామో కెమెరా చవకగా కొని, నీరు చొరబడని పెట్టె ఒకటి నౌకాదళంలోని ఒక మెకానిక్ చేత చేయించారు. యుద్ధకాలం. జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్సులో సినిమా ఫిల్ము దొరకడమే గగనం. అందుకని ఫొటోలు తీసే లైకా కెమెరాలకు వాడే చిన్న చిన్న రోల్సు కొనుక్కొచ్చి, రాత్రివేళ దుప్పట్ల కింద చీకటిలో వాటిని ఒకదానికొకటి అతికించి సినిమా రీలుగా మార్చేవారు. ఆ విధంగా తీసిన మొదటి సినిమా పేరుకు అర్థం ‘పద్దెనిమిది మీటర్ల లోతున’. అందులో ఏ శ్వాస పరికరమూ లేదు. ద్యుమా ఊపిరి పట్టి దిగుతాడు, ఊపిరి పట్టే ఇంకొకరు కెమెరాతో వెంట దిగుతారు, ఇద్దరి ఊపిరీ అయిపోయేలోపు షాట్ పూర్తి కావాలి. నీటి కింద ఒక దృశ్యాన్ని తాపీగా తీయాలంటే ఊపిరి సమస్య తీరక తప్పదని ఆ సినిమా తీసినవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలిసి ఉండదు.

దారులు అప్పటికే కొన్ని ఉన్నాయి. గొట్టం ద్వారా పైనుంచి గాలి పంపే బరువైన లోహపు శిరస్త్రాణాల దుస్తులు ఉండేవి. వాటితో అడుగున నడవగలరే తప్ప ఈదలేరు. విడిచిన గాలిని శుభ్రంచేసి మళ్లీ పీల్చుకునే ఆక్సిజన్ పరికరాలు ఉండేవి. 1939లో కూస్తో అలాంటిది ఒకటి ప్రయత్నించి, పద్నాలుగు మీటర్ల దగ్గర మూర్ఛలు వచ్చి ప్రాణాపాయం నుంచి బయటపడ్డారు, తర్వాత మరోసారీ అదే జరిగింది. స్వచ్ఛమైన ఆక్సిజన్ ఒత్తిడి పెరిగినకొద్దీ విషంగా మారి నాడీమండలాన్ని దెబ్బతీస్తుంది. కాబట్టి కావలసింది మామూలు గాలి, అది కూడా చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సమానమైన ఒత్తిడితో అందాలి. పది మీటర్లు దిగిన ప్రతిసారీ శరీరం మీద మరొక వాతావరణమంత ఒత్తిడి చేరుతుంది, ఆ బరువుకు ఎదురుగా ఛాతీ తనంతట తాను గాలిని లోపలికి లాక్కోలేదు.

1942 డిసెంబరులో పారిస్‌లో ఎమిల్ గాన్యాన్ అనే ఇంజనీరును ఆయన కలుసుకున్నారు. గాన్యాన్ పనిచేసే ఏర్ లికీద్ అనే గ్యాసుల కంపెనీలో కూస్తో మామగారు ఉన్నతోద్యోగి, పరిచయం ఆ దారిన కుదిరింది. పెట్రోలు దొరకని రోజుల్లో కార్లను గ్యాసుతో నడపడానికి గాన్యాన్ ఒక వాల్వు తయారుచేసి ఉన్నారు. ఇంజను లాగినప్పుడు లాగినంత గ్యాసునే వదలడం దాని పని. ఇంజను స్థానంలో మనిషి ఊపిరితిత్తులను పెట్టుకుంటే సమస్య చాలావరకు తీరినట్లే. 1943 జనవరిలో పారిస్ దగ్గరి మార్న్ నదిలో పరీక్షించినప్పుడు అడ్డంగా ఈదుతుంటే బాగానే పనిచేసింది. నిటారుగా నిలబడితే మాత్రం గాలి వృథాగా బయటకు పోయింది, తలకిందులైతే పీల్చడం కష్టమైంది. గాలి వచ్చే చోటుకూ, విడిచిన గాలి పోయే చోటుకూ మధ్య ఎత్తు మారినప్పుడు నీటి ఒత్తిడిలో తేడా వస్తోందని, అదే కారణమని వారు గుర్తించారు. రెండింటినీ పక్కపక్కన ఒకే మట్టంలో పెట్టగానే లోపం పోయింది. ఇంత చిన్న సర్దుబాటు మీద ఆధారపడి ఈ రోజు విశాఖపట్నం తీరంలో స్కూబా నేర్చుకునేవారి నుంచి చమురు బావుల దగ్గర పనిచేసే గజ ఈతగాళ్ల వరకు ఇంతమంది నీటిలోకి దిగుతున్నారని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. న్యాయంగా చెప్పవలసిన మాట మరొకటి ఉంది. పీల్చినప్పుడే గాలి వదిలే వాల్వును అంతకు ఎనభై ఏళ్ల ముందే, 1860లలో, రుకెరోల్, దనెరూజ్ అనే ఇద్దరు ఫ్రెంచివారు తయారుచేశారు. కాకపోతే తేలికగా మోయగల, అధిక ఒత్తిడిని తట్టుకోగల సిలిండర్లు వారి కాలంలో లేవు.

1943 జూన్‌లో ఫ్రాన్సు దక్షిణ తీరాన బాందోల్ దగ్గర కూస్తో తొలిసారి ఆ పరికరంతో సముద్రంలో దిగారు. ఆయన భార్య సిమోన్ పైన తేలుతూ, మాస్కులోంచి కిందికి చూస్తూ కాపలా ఉన్నారు. ఏదైనా ప్రమాదం జరిగితే ఒడ్డున సిద్ధంగా ఉన్న ద్యుమాకు ఆమె సైగ చేయాలి. ఆ వేసవి నుంచే ఆయన ఆ పరికరాలతో మునిగిపోయిన ఓడల శిథిలాల మీద రెండో సినిమా మొదలుపెట్టేశారు. యుద్ధం ముగిశాక ఆ సినిమాను నౌకాదళ ఉన్నతాధికారులకు చూపించడం వల్లనే, 1945లో తూలోన్‌లో నీటి అడుగు పరిశోధనకు ఒక ప్రత్యేక విభాగం ఏర్పడింది. అర్జీలు, నివేదికలు చేయలేని పని కొన్ని నిమిషాల ఫిల్ము చేసింది. ఈ పాఠాన్ని ఆయన జీవితాంతం మరచిపోలేదు.

ఆ తొలినాళ్లలో మూల్యం కూడా చెల్లించారు. 1946లో వోక్లూజ్ ఊట బావిలోకి దిగినప్పుడు కూస్తో, ద్యుమా ఇద్దరూ చావు అంచు వరకు వెళ్లి వచ్చారు. సిలిండర్లు నింపిన కంప్రెసర్, ఇంజను వదిలిన పొగనే లోపలికి పీల్చడంతో వారు నీటి కింద కార్బన్ మోనాక్సైడ్ పీల్చవలసి వచ్చింది. 1947లో మొరీస్ ఫార్గ్ అనే సహచరుడు 120 మీటర్ల లోతుకు చేరి, అక్కడి తాడు మీదున్న పలకపై సంతకం చేసి, లోతులో గాలిలోని నైట్రోజన్ ఎక్కించే మత్తులో నోటి నుంచి గొట్టం జారిపోయి మరణించాడు. మామూలు గాలి పీలుస్తూ ఎంత లోతుకు పోవచ్చునన్న ప్రశ్నకు జవాబు ఆ విధంగా తెలిసింది.

1950లో కలిప్సో ఓడ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో సముద్రపు మైన్లు ఏరడానికి అమెరికాలో చెక్కతో కట్టి బ్రిటన్‌కు ఇచ్చిన ఓడ అది. యుద్ధం తర్వాత మాల్టాలో ప్రయాణికులను దాటించేది. లోయెల్ గిన్నిస్ అనే ధనవంతుడు దాన్ని కొని, ఏడాదికి ఒక్క ఫ్రాంకు అద్దెకు కూస్తోకు ఇచ్చారు. ఓడనైతే ఇచ్చారు కానీ దాన్ని నడపడానికయ్యే డబ్బు మాట వేరు. సిమోన్ తన నగలు అమ్మారు. ఆ తర్వాతి ఖర్చు ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఆయన అభిమానులు అంత ఇష్టంగా చెప్పుకోని కథ. 1954లో కలిప్సో పర్షియన్ గల్ఫ్‌లో, అబుదాబి తీరాన, ఒక బ్రిటిష్ చమురు కంపెనీ తరఫున సముద్రపు అడుగును సర్వే చేసింది. గజ ఈతగాళ్లు దిగి రాతి నమూనాలు తెచ్చారు. ఆ ఒప్పందం సొమ్ముతో ఓడ నిలబడింది, ఓడ నిలబడ్డది కాబట్టి సినిమా సాధ్యమైంది. సముద్రాన్ని కాపాడమని లోకానికి చెప్పిన గొంతుకు తొలి పెట్టుబడుల్లో ఒకటి చమురు నుంచి వచ్చిందంటే ఎబ్బెట్టుగానే ఉంటుంది, కానీ దాన్ని దాచిపెట్టి ఆయన జీవితం చెప్పడం కుదరదు.

సముద్రం అడుగున మనుషులు నివసించాలన్న ప్రయోగాల వెనుక కూడా ఫ్రాన్సు చమురు పరిశ్రమ సొమ్ము ఉంది. 1962లో మార్సెయ్ దగ్గర పది మీటర్ల లోతున ఆల్బేర్ ఫాల్కో, క్లోద్ వెస్లీ అనే ఇద్దరు ఒక ఉక్కు పీపాలో వారం రోజులు ఉన్నారు. మరుసటి ఏడాది సూడాన్ తీరంలో, ఎర్రసముద్రంలోని షాబ్ రూమి దగ్గర, చిన్న ఊరు లాంటిదే కట్టారు. నక్షత్రం ఆకారంలో పెద్ద ఇల్లు, చిన్న జలాంతర్గామికి షెడ్డు, ఇంకా లోతున ఇద్దరికి మరొక గది. అయిదుగురు నెల రోజులు అక్కడ నివసించారు. గాలి చెడితే ముందుగా పసిగడుతుందని ఒక చిలుకను కూడా వెంట తీసుకువెళ్లారు. ఆ ఏడాది జూలైలో కూస్తో దంపతులు తమ పెళ్లిరోజును ఆ ఇంట్లోనే జరుపుకున్నారు. 1965లో మధ్యధరాలో వంద మీటర్ల లోతున ఆరుగురు మూడు వారాలు ఉండి, నమూనా చమురు బావి మీద మరమ్మతు పని చేసి చూపించారు. చమురు కంపెనీలకు కావలసింది ఆ మరమ్మతు పని. కూస్తో చేతికి దక్కింది మాత్రం ఎర్రసముద్రపు ఇళ్ల మీద తీసి, 1964లో విడుదలై ఆస్కార్ గెలుచుకున్న ఒక సినిమా. ఆ తర్వాత ఆయన సముద్రం అడుగున ఊళ్లు కట్టే మాట క్రమంగా వదిలేశారు. మనిషిని అక్కడ కాపురం పెట్టించడానికయ్యే ఖర్చుకు ఫలితం సరిపోదని పరిశ్రమ కూడా తెలుసుకుంది.

1968 నుంచి అమెరికన్ టీవీలో వచ్చిన ధారావాహిక ఆయనను ఇంటింటి మనిషిని చేసింది. దాని గురించి నేను ఎక్కువ చెప్పను, ఎందుకంటే వాటిలో చాలా భాగాలు ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. ఓడ మీద హడావిడి, ఒక చిన్న ప్రమాదం, ఒక పెద్ద జంతువు, చివర కొంచెం తత్వం. ఆ కీర్తిని ఆయన దేనికి వాడుకున్నారన్నదే అంతకన్నా ముఖ్యమైన సంగతి. 1960లోనే ఫ్రెంచి అణుశక్తి సంస్థ అణువ్యర్థాలను మధ్యధరాలో పడవేయాలనుకున్నప్పుడు, మొనాకోలోని సముద్ర శాస్త్ర మ్యూజియం డైరెక్టర్ హోదాలో ఆయన బహిరంగంగా వ్యతిరేకించారు. జనం కదిలారు, ఆ పథకం ఆగింది. తాను 1940లలో చిత్రీకరించిన తీరాల్లో చేపలు, పగడాలు తరిగిపోయాయని తర్వాతి కాలంలో ఆయన పదేపదే చెప్పేవారు. ఆ మాటకు బలం తన పాత రీళ్ల నుంచే వచ్చింది. 1973లో సముద్రాల రక్షణ కోసం తన పేరుతో సొసైటీ స్థాపించారు. 1988లో అంటార్కిటికాలో గనుల తవ్వకానికి దారి తీసే ఒప్పందం కుదిరినప్పుడు దానికి వ్యతిరేకంగా సంతకాలు సేకరించారు. మరుసటి ఏడాది ఫ్రాన్సు, ఆస్ట్రేలియా ఆ ఒప్పందం నుంచి వెనక్కు తగ్గడం, 1991లో మాడ్రిడ్‌లో గనులను నిషేధించే పత్రం మీద సంతకాలు జరగడం ఆయన ఒక్కరి వల్ల జరిగాయని చెప్పలేం కానీ, ఆయన లేకుండా జరిగేవని కూడా నేను అనుకోను.

ఇంటి విషయాలు అంత గొప్పగా లేవు. తండ్రి వెంట కెమెరా పట్టిన చిన్న కొడుకు ఫిలిప్ 1979 జూన్‌లో లిస్బన్ దగ్గర టేగస్ నదిపై సీప్లేన్ ప్రమాదంలో మరణించాడు. పెద్ద కొడుకు జాన్ మిషెల్ వచ్చి పనులు చేతిలోకి తీసుకున్నాడు, కొన్నేళ్లకు తండ్రీకొడుకులు కూస్తో అన్న పేరు ఎవరు వాడుకోవాలన్న దాని మీద కోర్టుకెక్కారు. సిమోన్ 1990లో కన్నుమూశారు. మరుసటి ఏడాది ఆయన ఫ్రాన్సీన్ త్రిప్లేను పెళ్లి చేసుకున్నారు, అప్పటికే వారికి ఇద్దరు పిల్లలు ఉన్నారు. సిమోన్ గురించి ఒక మాట ఎక్కువగానే చెప్పాలి. ఓడ సిబ్బంది ఆమెను ‘గొల్లామె’ అని పిలుచుకునేవారు. మందను కాసినట్టు ఆమె వారందరినీ కనిపెట్టుకుని ఉండేవారు. కలిప్సో మీద ఆమె గడిపిన కాలం భర్త గడిపినదానికన్నా ఎక్కువ. అయినా తెర మీద కనిపించడానికి ఆమె ఇష్టపడలేదు, అందువల్ల ఆ సినిమాలు చూసి పెరిగినవారిలో చాలామందికి అటువంటి మనిషి ఒకరు ఉన్నారనే తెలియదు. గాన్యాన్ విషయమూ కొంత అటువంటిదే. యుద్ధం తర్వాత ఆయన కెనడా వెళ్లి మాంట్రియల్‌లో రెగ్యులేటర్లకు, అంటే ఈతగాడికి గాలి అందించే ఆ వాల్వులకు, మెరుగులు దిద్దుతూ ఉండిపోయారు, జనం నోళ్లలో మిగిలిన పేరు మాత్రం కూస్తోది. కెమెరా ఎవరి వైపు తిరిగి ఉంటుందో చరిత్ర కూడా వారినే చూస్తుందనడానికి ఈ ఇద్దరి కన్నా వేరే సాక్ష్యం అక్కరలేదు.

1996 జనవరిలో సింగపూర్ రేవులో ఒక బార్జ్ ఢీకొని కలిప్సో మునిగింది. పైకి తీశారు, కానీ మళ్లీ ప్రయాణించలేదు. కూస్తో 1997 జూన్ 25న మరణించారు.

ఆయన తీసిన అసలు పెద్ద సినిమా సంగతిని నేను చివరకు ఉంచింది ఒక ఉద్దేశంతోనే. 1956లో వచ్చిన ‘నిశ్శబ్ద ప్రపంచం’ చిత్రీకరణ సమయంలో, సినిమా విద్యార్థి దశ దాటని లూయీ మాల్‌కు ఆయన సహదర్శకత్వం ఇచ్చారు. అది కాన్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పొందింది. ఒక డాక్యుమెంటరీకి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి, మళ్లీ 2004 వరకు దక్కలేదు. మరుసటి ఏడాది ఆస్కార్ కూడా వచ్చింది. చేతిలో మండే కాగడాలతో గజ ఈతగాళ్లు నీలి చీకటిలోకి దిగే తొలి దృశ్యం ఈ రోజుకూ చెక్కుచెదరలేదు. కొన్ని మీటర్ల లోతుకే నీరు ఎరుపు రంగును మింగేస్తుంది. వేటాడిన చేప నెత్తురు ఆకుపచ్చగా కనిపించిందని ఆయన రాశారు. ఓడ నుంచి కేబుళ్లు లాగి దీపాలు వెలిగించగానే, నీలిబూడిద రంగులో ఉన్న పగడపు గోడ ఒక్కసారిగా ఎర్రగా, నారింజగా బయటపడుతుంది. ఆ రంగులు అంతకు ముందు ఏ కంటా పడినవి కావు, ఎందుకంటే ఆ లోతులో వాటిని చూపించే వెలుగే లేదు.

అదే సినిమాలో చేపల లెక్క తీయడానికి పగడపు దిబ్బను డైనమైట్‌తో పేల్చుతారు. చచ్చి తేలిన చేపలను, గాలి నిండి ఉబ్బిన పఫర్ చేపలను ఒడ్డున వరుసగా పేరుస్తారు, లెక్కకు ఇదొక్కటే మార్గమని వ్యాఖ్యానం తాపీగా చెబుతుంది. పేలుడు పదార్థాలతో చేపలు పట్టడాన్ని మన దేశంలో 1897 నాటి ఫిషరీస్ చట్టమే నేరంగా ప్రకటించిందన్నది గుర్తుకు తెచ్చుకుంటే, ఆ తాపీతనం ఇంకా గుచ్చుకుంటుంది. హిందూ మహాసముద్రంలో తిమింగలాల గుంపును వెంబడిస్తుండగా ఓడ ప్రొపెల్లర్ తగిలి ఒక పిల్ల తిమింగలం తీవ్రంగా గాయపడుతుంది, దాని బాధ తీర్చడానికి కాల్చి చంపుతారు. నెత్తురుకు వచ్చిన సొరచేపలను, తప్పంతా వాటిదే అన్నట్టు, సిబ్బంది కొక్కేలతో పైకి లాగి గొడ్డళ్లతో నరుకుతారు. అసోంప్షన్ దీవి దగ్గర సిబ్బంది సరదాకు తాబేళ్ల వీపుల మీద కూర్చుంటారు. షూటింగుకు అడ్డం వస్తున్నదని జోజో అనే మచ్చికైన గ్రూపర్ చేపను, సొరచేపల నుంచి మనుషులను కాపాడటానికి తెచ్చిన బోనులోనే బంధిస్తారు. ఆ చేప మొహం చూసి నవ్వు వస్తుంది, ఆ నవ్వు వచ్చినందుకు కొంచెం ఇబ్బందిగానూ ఉంటుంది.

ఈ దృశ్యాలను తీసేసి పిల్లలకు చూపిస్తే మంచిదని వాదించేవారు ఉన్నారు. నేను ఒప్పుకోను. 1956లో కాన్‌లో కూర్చున్న న్యాయనిర్ణేతలు ఆ సినిమాకు బహుమతి ఇచ్చారు, ఆ తర్వాత ఆస్కార్ ఇచ్చినవారు కూడా ఇదే నిడివి చూసి ఇచ్చారు. అప్పటి సముద్ర ప్రేమ అంటే ఏమిటో అందులో యథాతథంగా నమోదై ఉంది. దాన్ని కత్తిరిస్తే మిగిలేది పుట్టుకతోనే జ్ఞాని అయిన ఒక ముసలాయన బొమ్మ. అణువ్యర్థాలను అడ్డుకోవడానికి, అంటార్కిటికా కోసం దేశాధినేతలతో వాదించడానికి ఆయన ఎక్కడి నుంచి నడిచి వచ్చారో ఆ బొమ్మ చూసినవారికి ఎన్నటికీ అర్థం కాదు. పిల్లలతో కలిసి చూసేవారు డైనమైట్ దృశ్యం దగ్గర కాసేపు ఆపి, ఆ దిబ్బ మీద ఏం జరుగుతోందో వారినే చెప్పమనడం మంచిది.